ఎదురుగాలికి ఆగిన ఆదివారం

శనివారం

నౌకాదళంలో ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళకు రెండు జబ్బులు ఉంటాయని మా అక్క అంటుంది. ఇంట్లో ప్రతి వస్తువునూ తాడు కట్టి కొక్కేనికి తగిలించడం ఒకటి, నీళ్ళు కనిపిస్తే ఊరికే కూర్చోలేకపోవడం రెండోది. మా బావగారికి రెండూ ముదిరాయి. విశాఖపట్నంలో పదవీ విరమణ చేసి తాడేపల్లిలో ఇల్లు కట్టుకున్నాక, మచిలీపట్నం వైపు ఎవరో వదిలించుకున్న ఫైబర్ చేపల పడవ ఒకటి కొన్నారు. మధ్యలో కొయ్య నిలబెట్టారు. షామియానాలు కుట్టే ఆయన చేత తెరచాప కుట్టించారు. ఆయన చేతి అలవాటు కొద్దీ అంచుకు ఎర్రగుడ్డ కుచ్చులు కూడా వేసి ఇచ్చాడు. బావగారు వాటిని విప్పించలేదు. దూరం నుంచి చూస్తే పెళ్ళిపందిరి ఏట్లో కొట్టుకుపోతున్నట్టు ఉంటుంది.

కార్తీక మాసం. అత్తయ్యకు కృష్ణలో సోమవారం స్నానం కావాలి, పిల్లలకు పడవ కావాలి, మా ఆయనకు రెండు రోజులు ఫోను మోగకుండా ఉండాలి. గుంటూరు నుంచి తాడేపల్లి ఎంత దూరం గనుక! మంగళగిరి దాటేసరికి చిన్నవాడు ఇంకా మొదటి చేగోడీల పొట్లంలోనే ఉన్నాడు. సాయంత్రం ఉండవల్లి గుహలు చూశాం. ఒకే రాతిలో చెక్కిన అనంతశయనుడి పాదాల దగ్గర నిలబడి మా అమ్మాయి, ఇంత పెద్ద విగ్రహాన్ని లోపలికి ఎలా తెచ్చారని అడిగింది. తేలేదు, చుట్టూ ఉన్న కొండను తీసేశారని వాళ్ళ నాన్న చెబితే కాసేపు మాట్లాడలేదు.

చీకటి పడ్డాక ప్రకాశం బ్యారేజీ మీద నడక. బావగారికి బ్యారేజీ కనిపిస్తే పాఠం మొదలవుతుంది. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిందని, దాని స్థానంలో డెబ్బై గేట్లతో ఇది 1957లో వచ్చిందని ఆయన చెబుతుంటే మా ఆయన మర్యాదగా తల ఊపారు. ఆనకట్ట పొలాలకు నీళ్ళు ఇచ్చిందని మనందరికీ తెలుసు. కాలవల్లో పడవలకు అది దారి కూడా ఇచ్చింది. సీతానగరం వైపు బయల్దేరే పడమటి కాలవలో దిగి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలవ పట్టుకుని, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలిసి మద్రాసు దాకా సరుకు పడవలు వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. రైలు, లారీ వచ్చాక ఆ దారి పోయింది. ఈ కథ నాకూ నచ్చింది గాని, పైకి చెబితే రెండో పాఠం మొదలవుతుందని ఊరుకున్నాను.

ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి ఉండవల్లి వైపు ఒడ్డు నుంచి బయల్దేరాం. అక్క రాలేదు. ఆమెకు బస్సులో కిటికీ పక్క సీటు కూడా పడదు.

లైఫ్ జాకెట్ల దగ్గర మొదటి పేచీ. పట్టుచీర మీద ఆ నారింజరంగు కవచం తొడుక్కోనని అత్తయ్య అన్నారు. బావగారు మామూలుగా అత్తయ్య మాటకు ఎదురు చెప్పరు. ఈసారి మాత్రం చేతులు కట్టుకుని ఒడ్డునే నిలబడ్డారు. 2017లో, ఇలాగే కార్తీకంలో, ఇలాగే ఆదివారం నాడు, నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం ఘాట్ వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ సాయంత్రం తాను ఆ ఒడ్డున ఉన్నానని మాత్రం అన్నారు. అత్తయ్య జాకెట్టు తొడుక్కున్నారు. బక్కిల్ పెట్టుకోవడం రాక నా వైపు తిరిగి, చిన్నపిల్లలా రెండు చేతులూ ఎత్తారు.

బ్యారేజీలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పన్నెండు అడుగుల మట్టం నిలబెడితే వెనక మూడు టీఎంసీల పైచిలుకు నీరు ఆగుతుంది. ఏరు ఏరులా ఉండదు, పెద్ద చెరువులా ఉంటుంది. గాలి తూర్పు నుంచి, అంటే మా వీపు వెనక నుంచి వస్తోంది. బావగారు తాడు లాగగానే తెరచాప చప్పుడు చేస్తూ నిండింది, కుచ్చులు రెపరెపలాడాయి, పడవ ముందుకు జరిగింది. మోటారు మోత లేదు, పొగ లేదు. పడవ అడుగున నీళ్ళు కోసుకుపోయే చప్పుడు మాత్రం వినిపించింది. ఇది ఇంత తేలికా అని మా ఆయన అన్నారు. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ తేలికే. ఆ మాట బావగారు అప్పుడే అని ఉంటే బాగుండేది.

వెనక ఇంద్రకీలాద్రి చిన్నదవుతూ వచ్చింది. కుడిపక్క భవానీ ద్వీపం. 133 ఎకరాల దీవి అంతటా వనభోజనాల జనం, చెట్టుకొక మైకు. పున్నమి ఘాట్ నుంచి బోటు మీద బోటు వచ్చి ఇంకా మనుషులను దింపుతూనే ఉంది. ఆదివారం ఉసిరి ముట్టకూడదంటారు, వీళ్ళంతా ఆదివారం పూట ఉసిరి చెట్టు కిందే ఎలా తింటున్నారని అత్తయ్య సందేహం. సోమవారం సెలవు ఇవ్వరు కదా అని మా ఆయన సమాధానం. అత్తయ్య తన సంచిలోంచి ఉసిరి పచ్చడి డబ్బాను అంతకుముందే తీసి అక్క ఇంట్లో పెట్టి వచ్చారు.

గొల్లపూడి వైపు నుంచి నదిని దాటే కొత్త బైపాస్ వంతెన కింద నుంచి వెళ్ళేటప్పుడు పిల్లలు పేర్లు పెట్టి అరిచారు, వంతెన తిరిగి అరిచింది. అది దాటితే ఊరి చప్పుడు లేదు. ఎడమ ఒడ్డున వెంకటపాలెం, ఆ పైన రాజధాని గ్రామాలు. కుడివైపు దూరంగా ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. మధ్యలో లంకలు. లంక అంటే ఏటి మధ్య మేట వేసిన ఒండ్రునేల. అరటి, పసుపు, కంద, దొండ పందిళ్ళు. ఆ మట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది. ఏరు మంచిగా ఉన్నంతకాలం వేసిందల్లా పండుతుంది.

పదకొండున్నరకు ఒక ఇసుక తిన్నె దగ్గర ఆగి పులిహోర, దద్దోజనం తిన్నాం. పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో ఆడుతుంటే నేను కాసేపు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఈశాన్యం మూల మబ్బు పట్టింది, అరటి ఆకులు ఒక్క వైపుకే వంగి ఉన్నాయి. బావగారు లేచి నిలబడి గాలి వైపు మొహం పెట్టి, ఏమీ అనకుండా సామాను సర్దడం మొదలుపెట్టారు.

తెరచాప పడవకు గాలికి ఎదురుగా సూటిగా వెళ్ళడం కుదరదు. ఏటవాలుగా ఒక ఒడ్డు వైపు కొంత, మళ్ళీ తిరిగి రెండో ఒడ్డు వైపు కొంత, అలా మెలికలు తిరుగుతూ ఎగబాకాలి. అలా ఎగబాకాలంటే పడవ అడుగున వెన్నులాగా ఒక పలక నీళ్ళలోకి దిగి ఉండాలి. అది ఉంటేనే పడవ పక్కకు జారకుండా ముందుకు నడుస్తుంది. మా పడవ చేపలు పట్టడానికి చేసినది, అడుగు చదును. ఆ పలక పెట్టించాలని బావగారు కొన్ననాటి నుంచీ అంటూనే ఉన్నారట. మేం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కష్టపడి వెళ్ళి, పడవ తిప్పుకుని, మళ్ళీ ఈ ఒడ్డుకు వచ్చి చూసుకుంటే బయల్దేరిన చోటు కంటే వెనక్కి ఉన్నాం. ఇసుక తిన్నె ఇప్పుడు మాకు తూర్పున ఉంది. మా అమ్మాయి ఈ సంగతి గట్టిగా చెప్పింది. ఎవరూ మెచ్చుకోలేదు.

సరే, మోటారు ఉంది కదా. తెరచాప దించి బావగారు మోటారు వేశారు. ఐదు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత నీళ్ళలో ఏదో పట్టి లాగినట్టు పడవ ఉలిక్కిపడింది, మోటారు మోత ఒక్కసారిగా పెరిగింది, పడవ మాత్రం ఆగిపోయింది. వెనక చూస్తే గుర్రపుడెక్క గుబురు మధ్య చెప్పుల ముక్కలు తేలుతున్నాయి. రబ్బరు చెప్పులను కోసి వలకు కట్టిన బెండ్లు అవి. ఎవరిదో వల మా మోటారు రెక్కలకు చుట్టుకుంది.

రెక్కల ఇరుసుకు అడ్డంగా చిటికెన వేలి గోరంత మందాన ఒక ఇత్తడి చీల ఉంటుంది. రెక్కలకు ఏదైనా అడ్డుపడితే లోపల గేర్లు పాడుకాకుండా ముందు ఆ చీల విరగాలి, దాని ఉద్యోగమే అది. విరిగింది. అదనపు చీలలు లేవా అని మా ఆయన అడిగారు. ఉన్నాయి, ఇంట్లో కొక్కేనికి తగిలించిన సంచిలో ఉన్నాయి.

గాలి మమ్మల్ని నెమ్మదిగా ఒక లంక వైపు నెడుతుండగా వల ఆసామి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తారు పూసిన చిన్న నాటు పడవ, చేతిలో ఒకే తెడ్డు. ఆ గాలిలో ఆయన పడవ తిన్నగా వస్తుంటే మా బావగారు అటే చూస్తూ ఉండిపోయారు.

"బెండ్లు కనిపించలేదా బాబూ? నిన్న సాయంత్రం కట్టిన వల. కళ్ళు పెట్టుకుని వచ్చారా, కట్టుకుని వచ్చారా?"

బావగారు తలవంచుకున్నారు. ఆయన ఇంకో రెండు మాటలు అని, పడవలోకి చూశాడు. ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ, ఆమె మీద నారింజరంగు జాకెట్టు. గొంతు ఏమీ తగ్గించలేదు గాని తాడు చివర మా పడవ ముక్కుకు ముడివేస్తూ అన్నాడు. "ముందు ఒడ్డుకు రండి. మిగతావి అక్కడ తిడతాను."

తిట్టలేదు. ఒడ్డున అరటితోట అంచున రెండు గదుల రేకుల ఇల్లు, ముందు పంచ, పక్కన పాక, పాకలో గేదెలు. ఆయన భార్య పసుపు మొక్కల మధ్య నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరు, ఎక్కడివాళ్ళు, ఎందుకు వచ్చారు అనే ప్రశ్నలు లేవు.

"భోజనాలు అయ్యాయా?"

అయ్యాయని చెప్పాం. ఎప్పుడని అడిగింది. పదకొండున్నరకు అంటే అది లెక్కలోకి రాదని తీర్మానించి పాలు కాచింది. ఏలకులు లేవని నొచ్చుకుంటూ, పచ్చి అల్లం దంచి టీ పెట్టింది.

గాలి తగ్గలేదు. దక్షిణపు ఒడ్డుకు మమ్మల్ని ముగ్గురేసి చొప్పున దాటిస్తానని ఆసామి అన్నాడు. అక్కడి నుంచి ఆటో దొరికితే తాడేపల్లి ఎంతో దూరం కాదు. పడవను వదిలి రానని బావగారు, ఈ పూట ఇంకో పడవ ఎక్కేది లేదని అత్తయ్య. మిగిలిన మేము అభిప్రాయం చెప్పేలోపే ఆ ఇంటావిడ తేల్చేసింది. "ఈ గాలి తెల్లవారుజామున గాని పడదు. అన్నం పెడతాను, ఉండండి." ఎదురుగాలికి ఆగిన పడవలు ఆ లంకకు కొత్త కాదట. తన అత్తగారి కాలంలో కర్ర పడవల వాళ్ళు రెండేసి రోజులు ఆగేవాళ్ళని చెప్పింది.

ఫోనులో అక్కకు చెప్పాం. అక్క బావగారిని ఇవ్వమంది. ఆయన ఫోను పట్టుకుని అరటితోటలోకి చాలా దూరం నడిచి వెళ్ళారు.

మొహమాటం అనేది ఒక గంట ఉంటుంది. ఆ తర్వాత ఊరికే కూర్చోవడం వాళ్ళకూ ఇబ్బంది, మనకూ ఇబ్బంది. ఆ ఇంటావిడకు ఇది బాగా తెలుసు. అత్తయ్య ముందు కత్తిపీట పెట్టి, అప్పుడే తవ్విన కందదుంప ఒకటి పెట్టింది. మనవడి తలంత ఉంది, మట్టి ఇంకా తడిగా ఉంది.

"మీకు ఆదివారం పట్టింపులు ఏమైనా ఉన్నాయా పెద్దమ్మగారూ? ఈ నెల మా ఇంట్లోనూ నీచు వండం. పట్టినవన్నీ అమ్మకానికే."

చేపలు పట్టి బతికే ఇంట్లో కార్తీకం నెలంతా చేప వండరు. అప్పటిదాకా పంచ చివర, కాస్త దూరంగా కూర్చున్న అత్తయ్య ఆ మాటతో కత్తిపీట ముందుకు జరిగారు. ఏ గిన్నెలో వండుతారో అన్న బెంగ ఆమె మొహంలో నేను గమనిస్తూనే ఉన్నాను. ఇంటావిడ కూడా గమనించే ఉంటుంది.

తర్వాత గంటసేపు ఆ పంచలో నాకు కనిపించిన అత్తయ్య మా ఇంట్లో కనిపించే మనిషి కాదు. దురద పుట్టకుండా అరచేతులకు నూనె రాసుకున్నారు. దుంపను నాలుగు చెక్కలు చేసి, పైతోలు మందంగా తీసి, గులాబీరంగు దుంపను సమానమైన ముక్కలుగా తరిగి, చింతపండు నీళ్ళలో వేశారు. లంక కందకు దురద తక్కువని ఇంటావిడ, దురద దుంపలో కాదు తరిగే చేతిలో ఉంటుందని అత్తయ్య. బచ్చలి తుంచే పని నాది. దడి మీద పాకిన తీగ నుంచి తెంపి తెచ్చాను, లావు కాడలు వేరు, ఆకులు వేరు. నేను కాడలు తుంచిన పొడుగు బాగాలేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆవాలు, ఎండుమిరపకాయలు నూరి, కూర దించాక కలిపింది ఇంటావిడ. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదు వస్తుంది. కంద బచ్చలి కూర పెళ్ళిళ్ళలో ఎన్నిసార్లు తిని ఉంటాం! తవ్విన గంటలో వండిన కంద రుచి వేరు. వెన్నలా నలుగుతుందని అనను, అలా నలిగితే ఉడుకు ఎక్కువైనట్టే. ముక్క ముక్కగా నిలబడి, నోట్లోకి వెళ్ళాకే విడిపోయింది.

అరటాకులు కోయడం పిల్లల పని. ఆకు చివర భాగం ఎడమచేతి వైపు రావాలని ఇంటాయన వాళ్ళకు నేర్పించాడు. అరటికాయ వేపుడు, దొండకాయ పచ్చడి, గేదె పెరుగు. మా అబ్బాయి ఇంట్లో దొండకాయ తినడు. అక్కడ రెండోసారి వేయించుకున్నాడు. వాడిని తల్లిగా నేను ఏమనాలో నాకు తెలియలేదు.

కరెంటు పోయింది. గాలికి ఎక్కడో తీగ తెగి ఉంటుందన్నారు. ఏటికి అవతల థర్మల్ కేంద్రం దీపాలు బారులు తీరి వెలుగుతున్నాయి, ఇవతల మేము చార్జింగ్ లైటు చుట్టూ కూర్చున్నాం. మా ఆయన, ఇంటాయన వల ముందేసుకున్నారు. రెక్కలకు చుట్టుకున్న చోట వల పీలికలైంది. ఆయన బార చాపి కొలిచి, మూడు బారల వల, దారం, ఒక పూట పని అని లెక్క కట్టి ఆరు వందలు చెప్పాడు. మా ఆయన రెండు వేలు తీసి చేతిలో పెట్టారు. ఆయన కొడుకును పిలిచి చిల్లర తెప్పించి, పద్నాలుగు వందలు లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు. అది కాదండీ, ఇంతమందికి భోజనం, పడుకోవడానికి చోటు అని మా ఆయన నసిగారు.

"వల లెక్క వేరు, అన్నం లెక్క వేరు. రెండూ కలిపితే నాకు లెక్క తప్పుతుంది."

కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. వల దారానికి ముడి వేస్తూ అన్నాడు. మా ఆయన డబ్బు జేబులో పెట్టుకున్నారు. మొన్నటిదాకా ఇలాంటి సందర్భంలో పిల్లల చేతిలో నోటు పెట్టి వచ్చేవాళ్ళం. ఆ రాత్రి ఆ పని చేయడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు.

పంచ గోడ మీద, ద్వారబంధానికి పైన మసక గీత ఉంది. పెయింటు తేడా అనుకున్నాను. 2024 సెప్టెంబరు వరద గీత అది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంకల వాళ్ళకు నీళ్ళ లెక్క మనకు వర్షం వార్త లాంటిది కాదు, ఇల్లు కదిలించే లెక్క. 3.97 లక్షలకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. మొదటి హెచ్చరికకు గేదెలను దాటిస్తారు, రెండో దానికి మనుషులు దాటుతారు. ఆ ఏడాది రెండింటికీ మధ్య సమయం లేకపోయిందని, గేదెల తాళ్ళు విప్పేసి తాము పడవెక్కామని ఇంటావిడ చెప్పింది. రెండు గేదెలు ఈదుకుని ఒడ్డు చేరాయి, ఒకటి చేరలేదు. అరటి మొత్తం పడిపోయింది.

"కొట్టుకొచ్చిన ఇనుప పడవలు బ్యారేజీ గేట్లకు తగిలాయని టీవీలో రోజూ చూపించారు. మా పడవ ఎటు పోయిందో మాత్రం ఎవరూ చూపించలేదు" అని ఆయన నవ్వాడు. ఇప్పుడున్నది అప్పు చేసి కొన్న పడవ. ఆ పడవ మీద వెళ్ళి కట్టిన వలే మేము చింపింది.

అప్పుడు మీరెక్కడ ఉన్నారని మా అమ్మాయి అడిగింది. ఒడ్డు మీద ఊళ్ళో, ముందెప్పుడూ చూడని వాళ్ళ ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నారట. వాళ్ళు పప్పులో వెల్లుల్లి మరీ ఎక్కువ వేస్తారని ఇంటావిడ ఇప్పటికీ ఫిర్యాదు చేసింది.

పంచలో పరదా పట్టా కట్టి మాకు పక్కలు వేశారు. అత్తయ్యకు మాత్రం లోపల మంచం. బావగారు పడవ దగ్గరే పడుకుంటానని పంతం పట్టి, రాత్రి రెండింటికి దోమలు తరిమితే వచ్చి మా పక్కన పడుకున్నారు.

సోమవారం

నాలుగున్నరకు ఇంటావిడే లేపింది. ఆమె చెప్పినట్టే గాలి పడిపోయింది. ఏటి మీద పొగమంచు.

అత్తయ్య అనుకున్న కార్తీక సోమవారం వేరు. సీతానగరం ఘాట్, మెట్ల మీద జనం, చీర మార్చుకోవడానికి చోటు కోసం వెతుకులాట, తర్వాత దుర్గమ్మ దర్శనం క్యూ. ఇక్కడ మెట్లు లేవు. ఒండ్రులో కాలు జారకుండా అరటి బోదెలు పరిచారు. ఇంటావిడ ముందు దిగి, అత్తయ్య చేయి పట్టుకుని నడుము లోతు దాకా తీసుకెళ్ళింది. మూడు మునకలు. చలికి అత్తయ్య సంకల్పం సగంలో మరిచిపోతే మిగతా సగం ఇంటావిడ అందించింది.

దీపాలకు డొప్పలు కొనే పని లేదు. గెల దింపిన అరటి బోదెను ఇంటాయన జానెడు ముక్కలుగా నరికి, పొర తర్వాత పొర విప్పి ఇచ్చాడు. పడవలా వంపు తిరిగిన తెల్లటి పొర, లోపల గళ్ళుగళ్ళుగా గాలి అరలు. మధ్యలో ఆవునేతి వత్తి, పక్కన ఒక బంతిరేకు. తానొకటి, అత్తయ్యతో ఒకటి, మా అమ్మాయితో ఒకటి వదిలించింది ఇంటావిడ. మా అబ్బాయి తన డొప్పకు పుల్ల గుచ్చి, ఆకు ముక్కతో తెరచాప పెట్టాడు. అది రెండు గజాలు వెళ్ళి బోల్తాపడింది. దానికీ అడుగున పలక లేదని మా ఆయన అన్నారు. బావగారు విననట్టు నటించారు.

తెల్లవారాక చీల పని. ఇనుప మేకు కోసి పెడదామని బావగారు. ఇంటాయన ఒప్పుకోలేదు. "మేకు పెడితే ఈసారి అడ్డం తగిలినప్పుడు మేకు విరగదు, మోటారు విరుగుతుంది." మూలన పడి ఉన్న పాత పంపు స్టవ్వులోని ఇత్తడి కడ్డీని తీసి, పట్టుకారుతో బిగించి, ఆకురాయితో అరగదీస్తూ, రంధ్రంలో పెట్టి చూస్తూ, మళ్ళీ అరగదీస్తూ అరగంట కూర్చున్నాడు. చివరకు వేలితో నెడితే కాస్త బిగువుగా లోపలికి వెళ్ళింది. నౌకాదళంలో పని చేసిన మా బావగారు ఆ చీలను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఇంకొకటి కూడా చేసి ఇవ్వగలరా అని అడిగారు. చేసి ఇచ్చాడు. దానికి యాభై రూపాయలు తీసుకున్నాడు. అది చీల లెక్క.

ఇంటావిడకూ సోమవారం ఉపవాసమే. నక్షత్రం చూశాకే భోజనం. ఉపవాసం వాళ్ళు అరటిపండు తినవచ్చా, కూడదా అని ఇద్దరూ కాసేపు తర్కించి, తినవచ్చని తేల్చి, చెరొకటి తిన్నారు. పిల్లలకు వేడన్నంలో పెరుగు. పడవలో ఒక అరటిగెల, రెండు కందదుంపలు, పచ్చి పసుపు కొమ్ములు. వద్దన్నకొద్దీ పెరుగుతున్నాయని గ్రహించి నేను వద్దనడం మానేశాను. అత్తయ్య తన సంచిలోంచి పూజకు తెచ్చుకున్న కొత్త జాకెట్టు గుడ్డ తీసి, బొట్టు పెట్టి ఆమెకు ఇచ్చారు. అది ఆమె వెంటనే తీసుకుంది, కళ్ళకు అద్దుకుంది. డబ్బు తీసుకోని చేయి దాన్ని ఎలా తీసుకుంటుందో అత్తయ్యకు తెలిసింది, మాకు తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి, మోటారు నడిచింది, బెండ్లు ఎక్కడ కనిపించినా పిల్లలిద్దరూ ఒకేసారి కేకలు పెట్టారు. భవానీ ద్వీపం ఖాళీగా, చీపుర్ల చప్పుడుతో ఉంది. దుర్గా ఘాట్ వైపు నుంచి సోమవారం జనం గోల ఏటి మీదుగా వినిపించింది.

ఒడ్డున అక్క నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. బావగారు ఆమె దగ్గరికి వెళ్ళకుండా లంగరు తాడు కట్టిందే కడుతూ ఉండిపోయారు. అక్క ముందు పిల్లలను తడిమి చూసి, అత్తయ్య చేయి పట్టుకుని దింపుతూ, రాత్రంతా ఏం అవస్థ పడ్డారో, తిండి అయినా దొరికిందో లేదో అంది.

"అవస్థ ఏమిటి? కంద తరిగింది నేనే" అన్నారు అత్తయ్య. "ఆవ కాస్త తక్కువైంది. ఆ అమ్మాయికి చెప్పాను, ఈసారి వెళ్ళినప్పుడు నూరేది నేనేనని."